ఎనభై దాటితే తీసేయండి

ఆ రోజు నేను చేసింది తప్పు కాదని ఇప్పటికీ వాదిస్తాను. చీటీలో ఏం రాసుందో అదే చేశాను.

ఫర్నిచర్ షాపు వెనక పార్కింగులో ఎలక్ట్రిక్ కార్లకి రెండు ఛార్జింగ్ మెషీన్లున్నాయి. అంటే, రెండున్నాయని యాప్ అంటుంది. నా లెక్కలో ఒకటిన్నర. కుడివైపుది పని చేస్తుంది. ఎడమవైపుదానికి ఎప్పుడూ అలకే. కారుకి గన్ను, అంటే తీగ చివరి ప్లగ్గు, తగిలించగానే పచ్చలైటు వెలిగిస్తుంది, మనం నమ్మి అటు తిరగ్గానే ఎర్రలైటు వేసుకుని కూర్చుంటుంది. హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే, "సార్, ఒకసారి కారు ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి" అని తీయగా చెబుతారు. చెడింది మీ మెషీనమ్మా, నా కారు కాదు అంటే, "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంటారు.

అందుకని అక్కడికొచ్చేవాళ్ళం మాలో మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. కారుకి గన్ను తగిలించి పని మీద వెళ్ళేవాళ్ళు డ్యాష్‌బోర్డు మీద చీటీ పెట్టి వెళ్ళాలి. ఎంత శాతం ఎక్కాక తీసేయొచ్చో అందులో రాయాలి. తర్వాత వచ్చినవాళ్ళు మెషీన్ మీద అంకె చూసుకుని, అంతకి చేరగానే ఆపేసి, గన్ను తమ కారుకి పెట్టుకుంటారు. ఇంతవరకూ ఎవరికీ గొడవ రాలేదు.

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. కుడివైపు మెషీన్ దగ్గర ఒక నీలం కారుంది. వెనక డోరుకి చిన్న సొట్ట. డ్యాష్‌బోర్డు మీద చీటీ, ముత్యాల్లాంటి అక్షరాలు: "80 దాటితే తీసేయండి. మొహమాటపడొద్దు." ఎనిమిదిని ఒక సున్నా మీద ఇంకో సున్నా ఎక్కించినట్టు ఎంతో శ్రద్ధగా రాశారు. మెషీన్ మీద చూస్తే ఎనభై ఒకటి. నేను మొహమాటపడలేదు.

పది నిమిషాల తర్వాత ఒక పసుపుపచ్చ గొడుగు విసవిసా వచ్చింది. గొడుగు కింద ఒక అమ్మాయి, భుజానికి పెద్ద సంచీ, కళ్ళల్లో నిప్పులు.

"నా గన్ను ఎవరు తీశారు?"

"నేనేనండీ. ఎనభై దాటింది కదా."

"ఎనభై దాటితే మీకేంటి? నాకు తొంభై అయిదు కావాలి!"

"చీటీలో ఎనభై అనే ఉందండీ."

"ఏ చీటీ?" అంటూ అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది. నాలుక కరుచుకోబోయి, నా ముందు బాగుండదని మానేసింది. "అది మా నాన్న చీటీ. మొన్నటిది. తీయడం మర్చిపోయారు."

"మొన్నటిదని చీటీలో లేదు."

"తెలివిగా మాట్లాడుతున్నానని అనుకుంటున్నారా? ముగ్గురు పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళాలి నేను. మూడో ఇల్లు కొండ ఎక్కాలి. మధ్యలో బండి ఆగిపోతే మీరొచ్చి తోస్తారా?"

"తోస్తానండీ."

నేను నిజంగానే అన్నాను. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే కోపం వృథా అవుతుందని కాబోలు, పెదాలు బిగబట్టి అటు తిరిగింది. నేను నా కారు గన్ను తీసి ఆమె కారుకి పెట్టాను. మళ్ళీ తొంభై అయిదుకి చేరేదాకా ఇద్దరం షాపు చూరు కింద నిలబడ్డాం.

"మీరు డాక్టరా?"

"ఫిజియోథెరపిస్టుని. మంచం పట్టినవాళ్ళని లేపి నడిపిస్తాను. మీరు?"

"కరెంటు పని."

"ఈ ఎడమవైపుదాన్ని బాగుచేయొచ్చు కదా మరి?"

"నాది కాదండీ. ముట్టుకుంటే కేసు పెడతారు."

ఆ ఎనభై గోల కూడా చెప్పింది. వాళ్ళ నాన్నగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఎనభై మించి ఎక్కిస్తే బ్యాటరీ పాడవుతుందని ఎక్కడో చదివారు. రోజూ పొద్దునా సాయంత్రం కారు దగ్గరికెళ్ళి ఎంత శాతముందో డైరీలో రాస్తారు.

"మా ఇంట్లో కూరలో ఉప్పు కూడా తూచే పడుతుంది తెలుసా?" అంది. ఈసారి నవ్వు ఆపుకోలేదు. తొంభై అయిదు కాగానే కారెక్కి, అద్దం దించి, "వస్తాను, ఎనభై గారూ" అని వెళ్ళిపోయింది.

అప్పటినుంచి నా పేరు అదే అయింది.

తర్వాత గురువారం ఆమె వచ్చింది. ఆ తర్వాత గురువారం కూడా. గురువారాలు అంత తొందరగా రావని, వచ్చినవి అంత తొందరగా అయిపోతాయని నాకు అప్పుడే తెలిసింది. ఒకరోజు ఎవరో పెట్రోలు జీపు తెచ్చి సరిగ్గా మెషీన్ ముందు పెట్టి, సోఫా కొనడానికి వెళ్ళారు. రంగు తేలక గంటసేపు రాలేదు. ఇంకోరోజు యాప్ పాస్‌వర్డ్ మార్చమంది. మార్చాక, కొత్తది పాతదానిలాగే ఉంది కుదరదంది. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి, "మీరు కొట్టండి, నేను కొడితే ఫోన్ని కొడతాను" అంది. ఒక వానరోజు మాత్రం ఆమె కారు పావుగంటలో ఎనభైకి చేరిపోయింది.

"మెషీన్ బాగుపడినట్టుందండీ!" అన్నాను ఆశ్చర్యంగా.

"అవును, బాగుపడింది" అంది ఆమె వాన వైపు చూస్తూ.

గన్ను తగిలించినప్పుడు మెషీన్ మీద అంకె ఎంతో నేను చూడలేదు. నేను చూస్తున్నది వేరు.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఇళ్ళకి ఛార్జింగ్ పాయింట్లు బిగించే కంపెనీలో ఎలక్ట్రీషియన్ని నేను. ముందు వెళ్ళి గోడ, వైరింగు, ఎర్తింగు చూసి రిపోర్టు రాస్తాను. తర్వాత వెళ్ళి బిగిస్తాను. అలా నూట పన్నెండు ఇళ్ళకి బిగించాను. నాకు మాత్రం లేదు. నేనుండేది మూడో అంతస్తులో అద్దె గది, కింద నా పాత కారు రోడ్డు వారగా నిలబడుతుంది. అందుకే ఆ ఫర్నిచర్ షాపు వెనక పడిగాపులు.

ఒక సోమవారం ఆఫీసులో కొత్త అప్లికేషన్లు తిరగేస్తున్నాను. ఒకదానికి ఫోటో జత చేశారు. వాకిట్లో నీలం కారు, వెనక డోరుకి సొట్ట. అప్లికేషనులో ఎనిమిది ఉన్న చోటల్లా సున్నా మీద సున్నా.

అది వాళ్ళ ఇల్లే. ఇంట్లో ఛార్జరు ఉంటే ఆమె ఇక ఆ పార్కింగుకి ఎందుకొస్తుంది? గురువారాలు వస్తాయి, గొడుగు రాదు. పైగా ఆ ఛార్జరు నా చేత్తో నేనే బిగించాలి.

ఫోన్ నంబరడిగితే సరిపోయేది కదా అని మీరంటారు. నిజమే. నూట పన్నెండు ఇళ్ళలో కరెంటు తీగలు పట్టుకున్న ఈ చేతులకి ఆ ధైర్యం లేకపోయింది. నేనేం చేశానంటే, ఆ ఇంటి గడప తొక్కకుండానే రిపోర్టులో రాశాను: "గోడకి చెమ్మ ఉంది. ఆరాక మళ్ళీ చూడాలి." వానాకాలం కదా, మా మేనేజరు ఏమీ అడగలేదు.

ఆ గురువారం ఆమె రాగానే మొదలుపెట్టింది.

"ఎనభై గారూ, ఇంటికి ఛార్జరు పెట్టించుకుందామని ఒక కంపెనీకి రాశాం. గోడకి చెమ్మ ఉందట!"

"అలాగా?"

"ఎప్పుడొచ్చి చూశారో మాకే తెలీదు. మా నాన్న గోడకి టేబుల్ ఫ్యాన్ పెట్టారు."

"గోడకా?"

"గోడకే. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. గంటకోసారి లేచి అరచెయ్యి ఆనించి చూస్తారు."

నేను నవ్వాలి కాబట్టి నవ్వాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే ఎడమవైపు మెషీన్ ఎర్రలైటు వేసింది, ఆమె దాన్ని తిట్టడానికి వెళ్ళింది, నేను నోరు మూసుకున్నాను. రెండో గురువారం కూడా ఫ్యాన్ తిరుగుతోందని చెప్పింది. మూడో గురువారం కూడా తిరుగుతూనే ఉంది.

ఆ మూడో గురువారం ఆమె పొద్దున్నే, ఎనిమిదిన్నరకే వచ్చింది. కారులో తొమ్మిది శాతం. ముందురోజు రెండు మెషీన్లూ పని చేయలేదు. పది గంటలకి ఒక బామ్మగారి ఇంట్లో ఉండాలి. ఆవిడ ఒకప్పుడు పోస్టుమాస్టరు. జారిపడి తుంటి విరిగి, ఆపరేషనయ్యి, ఆరు వారాలుగా గదిలోనే ఉన్నారు. ఇవాళ గేటు దాకా నడిపిస్తానని ఈమె మాటిచ్చింది.

"నెల రోజుల్నుంచీ ఆ గేటు గురించే మాట్లాడుతున్నారు, పాపం" అంటూ గన్ను తగిలించింది.

పదకొండు శాతం దగ్గర ఫెళ్ళున ఉరిమింది. మెషీన్ ఒక్కసారి మిణుకుమని నల్లబడిపోయింది. గన్ను కారుని పట్టుకుని వదల్లేదు. గన్ను విడిపించడానికి డిక్కీలో ఉండే తాడు లాగాను, కదల్లేదు. కారు ఆపి స్టార్ట్ చేయమని హెల్ప్‌లైను చెప్పింది. చేశాం. ఇంకో పది నిమిషాల్లో మనిషొస్తాడంది. గంటైనా రాలేదు.

ఆమె తిట్టడం కూడా మానేసి, సంచీ గుండెకి హత్తుకుని నిలబడింది. ఆ మొహం నేను చూడలేకపోయాను.

"నా కారెక్కండి. పద్నాలుగు శాతముంది."

"పన్నెండు కిలోమీటర్లు ఎనభై గారూ. కొండ."

"ఏసీ వేయం. ఆగితే తోస్తానని ముందే చెప్పాను కదా."

అద్దాలు మూసుకుని చెమటలు కక్కుతూ వెళ్ళాం. లోపల ఆవిరి పట్టేస్తుంటే ఆమె చేతిరుమాలుతో నా ముందద్దం తుడుస్తూ కూర్చుంది. పదకొండు కావస్తుండగా చేరాం.

బామ్మగారు మంచం అంచున నిటారుగా కూర్చుని ఉన్నారు. కాళ్ళకి బూట్లు. తొమ్మిదిన్నరకే వేయించుకున్నారట. కొడుకు నడిపిస్తానంటే ఒప్పుకోలేదట.

"వచ్చావా అమ్మాయ్! నువ్వు లేకుండా ఎలా నడుస్తాననుకున్నావు?" అన్నారు.

కానీ అంతసేపు కూర్చోవడంతో ఆవిడ కాళ్ళు అలిసిపోయాయి. వాకర్ పట్టుకుని లేచారు, ఒక్కో అడుగూ వేశారు. ఈమె పక్కనే వంగి, "ఇంకొక్కటి బామ్మగారూ, ఇంకొక్కటి" అంటోంది. గుమ్మం దాకా వచ్చేసరికి కాళ్ళు వణికాయి. అక్కడే ఆగి, వాన వెనక గేటు వైపు చూశారు.

"సరేలే, రేపు" అన్నారు నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక ఇంక నావల్ల కాలేదు. నేను గోడకి చెమ్మ అని రాయకపోతే, ఈపాటికి ఆ నీలం కారు వాళ్ళ వాకిట్లో నిండుగా ఛార్జయి ఉండేది. బామ్మగారు గేటు పట్టుకుని ఉండేవారు. గురువారాలు నాకు దక్కాలని ఒక ముసలావిణ్ణి గుమ్మం దగ్గర ఆపేశాను.

బయటికి రాగానే గేటు దగ్గర చెప్పేశాను.

"మీ గోడకి చెమ్మ లేదండీ."

"ఏంటి?"

"ఆ కంపెనీ మాదే. రిపోర్టు రాసింది నేనే. నేను మీ ఇంటికి రానేలేదు. ఫోటోలో కారు చూసి గుర్తుపట్టాను. ఛార్జరు పెడితే మీరిక అక్కడికి రారని అలా రాశాను. మీరు రాకపోతే నాకు ఏమీ బాగుండదు. మీరంటే నాకు ఇష్టం. ముందు చెప్పాల్సింది అదే. అది చెప్పలేక ఇది రాశాను."

ఆమె గొడుగు తెరవడం మర్చిపోయింది. వాన ఆమె మొహం మీదే పడుతోంది.

"మూడు వారాలు" అంది నెమ్మదిగా. "మా నాన్న మూడు వారాలు గోడకి ఫ్యాన్ పట్టారు."

గొడుగు తెరిచి బస్‌స్టాపు వైపు వెళ్ళిపోయింది. నేను ఆరు శాతం ఉన్న కారులో కూర్చున్నాను. అరిచినా బాగుండేదనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఛార్జరు డబ్బా, పనిముట్ల సంచీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో నీలం కారుంది, ఎవరో గన్ను విడిపించినట్టున్నారు. గోడకెదురుగా టేబుల్ ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. పక్కన కుర్చీలో ఇన్‌స్పెక్టరుగారు, ఒళ్ళో డైరీ.

నేను వంగి ముందు ఫ్యాను ఆపాను.

"గోడకి చెమ్మ లేదండీ. ఎప్పుడూ లేదు. చూడకుండా రాశాను. క్షమించండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "రెండో రోజే తెలిసింది బాబూ, ఈ గోడ పొడిగా ఉందని. అయినా ఫ్యాన్ పెట్టాను. ఎందుకో తెలుసా? ఒక ఇన్‌స్పెక్టరు రాశాడంటే, నాకు కనపడనిదేదో చూసే రాసుంటాడనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. చూడకుండా ఒక్క రిపోర్టు రాయలేదు."

తల దించుకున్నాను. నూట పన్నెండు ఇళ్ళూ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి.

"నేను కంప్లయింట్ ఇస్తే నీ ఉద్యోగం ఏమవుతుంది?"

"పోతుందండీ. ఇవ్వండి. ఛార్జరు మాత్రం ఇవాళే బిగించి వెళ్తాను."

ఆయన గోడ వైపు చెయ్యి చూపారు. "ఛార్జరు తర్వాత. ముందు ఆ రిపోర్టు మళ్ళీ రాయి. ఈసారి చూసి."

గోడకి అరచెయ్యి ఆనించాను. మీటరు పెట్టాను. "గోడ పొడిగా ఉంది. ముందు రాసినది తప్పు. అప్పుడు నేను చూడలేదు" అని రాసి, ఆయనకి చూపించి, ఆయన ముందే ఆఫీసుకి పంపాను. దానికి మా మేనేజరు నన్ను దులిపేసి, నెల రోజులు ఇన్‌స్పెక్షన్లు తీసేసి బిగింపులకే పంపారు. న్యాయమే. కంప్లయింట్ కూడా వచ్చుంటే అదీ దక్కేది కాదు.

గోడ మీద గుర్తులు పెడుతుంటే తలుపు దగ్గర అలికిడయింది. ఆమె నిలబడి ఉంది. నావైపు చూడట్లేదు, గోడ వైపు చూస్తోంది.

"అమ్మాయ్, రాత్రి చెప్పావుగా, ఈ అబ్బాయి మోసం చేశాడని. తనే వచ్చి ఆపుతాడేమోనని పొద్దున కూడా ఫ్యాన్ పెట్టాను" అన్నారు ఆయన డైరీ తిరగేస్తూ. "నాకో లెక్క తేలట్లేదు. నువ్వే చెప్పు. అయిదు వారాల కిందట గురువారం. పొద్దున కారులో డెబ్బై నాలుగు. సాయంత్రం ఎనభై."

ఆమె ఉలిక్కిపడింది. "నాన్నా!"

"అంతకు ముందు గురువారం డెబ్బై ఒకటి. డెబ్బై నాలుగున్న బండిని, అంత వానలో, ఛార్జింగుకి ఎందుకు తీసుకెళ్ళావమ్మా?"

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. పావుగంటలో ఎనభైకి చేరిన ఆ వానరోజు గుర్తొచ్చింది. కరెంటు పని చేసేవాణ్ణి, మెషీన్ బాగుపడిందని నమ్మాను.

"మెషీన్ బాగుపడిందన్నారు మీరు!" అన్నాను.

"మీరే అన్నారు. నేను ఊఁ కొట్టానంతే." మొహం ఎర్రబడింది. "అంతమాత్రాన మీ తప్పు తప్పు కాకుండా పోదు. ఇవాళ పదింటికి బామ్మగారి దగ్గరికి మీరూ వస్తున్నారు. గేటు దాకా ఆవిడకి గొడుగు పట్టాలి."

"పడతానండీ."

"ఆవిడకి జరిగింది చెప్పాలి కూడా."

"చెబుతానండీ."

ఇన్‌స్పెక్టరుగారు డైరీ మూసి లేచారు. నేను తెచ్చిన డబ్బా మీద బొమ్మని వంగి పరీక్షగా చూశారు.

"దీనికి గన్ను ఒకటే ఉందేం?"

"మీకున్నది ఒక్క కారే కదండీ."

"రెండు గన్లున్నది దొరకదా?"

"దొరుకుతుందండీ. కానీ మీకు..."

"కొలతలు నాకు చెప్పకు బాబూ. ఈ వాకిట్లో రెండు బళ్ళు పడతాయి, పొద్దున్నే టేపు పెట్టి కొలిచాను" అని లోపలికి వెళ్ళిపోయారు, ఫ్యాను చంకన పెట్టుకుని.

ఆ రోజు బామ్మగారు గేటు పట్టుకుని అయిదు నిమిషాలు రోడ్డు చూశారు. నా కథంతా విని, ఉత్తరాలు ఆలస్యం చేసేవాళ్ళని తను ఎలా కడిగేసేవారో నాకు చేసి చూపించారు. ఆమె నవ్వలేక గేటు పట్టుకుంది.

ఆ తర్వాతి గురువారానికి రెండు గన్ల ఛార్జరు బిగించాను. బిగించాక నీలం కారుకొకటి, నా కారుకొకటి తగిలించాను. రెండూ ఒకేసారి పచ్చలైటు వేశాయి, వేసి అలాగే ఉన్నాయి. అలవాటు లేక చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను.

లోపల కాఫీ తాగి బయటికొచ్చేసరికి నా కారుకి డెబ్బై తొమ్మిది. అద్దం మీద వైపరు కింద ఒక చీటీ ఉంది. ఈసారి ముత్యాల్లాంటి అక్షరాలు కావు, హడావుడిగా రాసిన గీతలు.

"వందయ్యేదాకా తీయొద్దు. ఎనభైకే లేచి వెళ్ళిపోతే ఊరుకోను."

కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను.